ర్యామ్ కొనే ముందు ఆ ర్యామ్‌నే అడగండి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్ల సెంటర్ నడుపుతున్నాను. నాలుగు డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. ఇంట్లో బీటెక్ చదివే మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఒకటి. డెస్క్‌టాప్‌లలో రెండు పాత అసెంబుల్డ్‌వి, విండోస్ 7. తెలుగు టైపింగ్‌కు వాడే అను ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ వాటిలోనే ఉన్నాయి. ఇంకొకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న బ్రాండెడ్ మెషీన్. ఐ5 ఆరో జనరేషన్ అని చెప్పి ఇచ్చారు, విండోస్ 10 ఉంది. నాలుగోదానికి కొన్నాళ్లుగా డిస్‌ప్లే రావడం లేదు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో జనం క్యూ కట్టినా మా మెషీన్లు కదలలేదు. ర్యామ్ పెంచమని సర్వీస్ అబ్బాయి చెబితే 8 జీబీ డీడీఆర్4 ఒకటి కొన్నాను. తీరా చూస్తే అసెంబుల్డ్ దాంట్లో అది స్లాట్‌లో కూర్చోలేదు. షాపువాళ్లు దాన్ని వెనక్కి తీసుకోం అన్నారు. ప్రతి క్యాబినెట్టూ విప్పకుండా, ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని నడుపుకునే చిన్న సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా? ఏ కంప్యూటర్‌లో ఏ రకం ర్యామ్ ఉందో చెబితే చాలు. డీటీపీ మెషీన్లను ముట్టుకోవాలంటేనే నాకు టెన్షన్. అవి పాడైతే అను మళ్లీ ఎక్కించడం నా వల్ల కాదు.
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఉందండి. దాని పేరు సీపీయూ-జెడ్. ఫ్రాన్స్‌కు చెందిన సీపీయూఐడీ అనే సంస్థ తయారు చేసి ఉచితంగా ఇస్తోంది. కొద్ది ఎంబీల ఫైలు. పేరులో సీపీయూ ఉన్నా ప్రాసెసర్‌తో పాటు మదర్‌బోర్డు, మెమొరీ వివరాలు కూడా చూపిస్తుంది. మీకు కావలసింది దాదాపు అంతా ఇందులోనే దొరుకుతుంది. మిగతా టూల్స్ గురించి కూడా చెబుతాను కానీ, మొదలు దీనితోనే పెట్టండి.

సీపీయూఐడీ డాట్ కామ్‌లోకి వెళితే ఇది రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి సెటప్, ఇంకొకటి జిప్. మీరు జిప్ తీసుకోండి. పేజీలో డౌన్‌లోడ్ బటన్ లాగే కనిపించే ప్రకటనలు ఉంటాయి, వాటి మీద నొక్కకండి. గూగుల్‌లో పేరు కొట్టి, పైన వచ్చిన ఏదో ఒక సైటు నుంచి దించుకోవడం కూడా వద్దు. దించిన జిప్‌ను పెన్‌డ్రైవ్‌లోనే ఒక ఫోల్డర్‌లోకి ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. చాలామంది జిప్ లోపలే డబుల్ క్లిక్ చేసి, రావడం లేదని వదిలేస్తారు. ఎక్స్‌ట్రాక్ట్ చేశాక లోపల రెండు ప్రోగ్రాములు కనిపిస్తాయి. చివర 32 అని ఉన్నది 32 బిట్ విండోస్‌కు, 64 అని ఉన్నది 64 బిట్‌కు. ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ చూడండి. అక్కడ తయారుచేసిన సంస్థ పేరు ఉండాలి. ఆ ట్యాబే లేకపోతే ఆ ఫైలును తీసిపారేయండి.

డబుల్ క్లిక్ చేయగానే అడ్మిన్ అనుమతి అడుగుతుంది. ఇన్‌స్టాల్ చేయని దానికి అనుమతి దేనికి అని అనుమానం రావచ్చు. ర్యామ్ స్టిక్ మీద నల్లటి పెద్ద చిప్పులతో పాటు మెంతిగింజంత చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. దాన్ని ఎస్‌పీడీ అంటారు. ఈ స్టిక్ ఏ తరం, ఎన్ని జీబీలు, ఎంత వేగం, ఎంత వోల్టేజీ, ఎవరు చేశారు అన్నవన్నీ ఫ్యాక్టరీలోనే అందులో రాసి పెడతారు. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అన్నప్పుడు చివరి అంకె ఆ తరాన్నే చెబుతుంది. విండోస్ మామూలు ప్రోగ్రాములను హార్డ్‌వేర్ దాకా నేరుగా వెళ్లనివ్వదు. అందుకే సీపీయూ-జెడ్ నడుస్తున్నంతసేపు ఒక చిన్న డ్రైవర్‌ను, అంటే హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే ప్రోగ్రామ్‌ను వాడుకుంటుంది. దానికే ఆ అనుమతి. మీ అను ఫాంట్లకూ, పేజ్‌మేకర్‌కూ దీనితో ఏ సంబంధమూ లేదు. చూసేసి మూసేస్తే సరిపోతుంది. ఆ విషయంలో టెన్షన్ పెట్టుకోకండి.

కొత్త విండోస్ 11 మెషీన్లలో ఒక్కోసారి డ్రైవర్‌ను ఆపేశామని మెసేజ్ వస్తుంది. ఎవరో కాపీ చేసి ఇచ్చిన పాత వెర్షన్ వాడితే ఇలా జరుగుతుంది. ఇలాంటి టూల్స్ పాత డ్రైవర్లలో భద్రతా లోపాలు బయటపడ్డాయి కాబట్టి విండోస్ వాటిని అడ్డుకుంటుంది. అప్పుడు సెక్యూరిటీ ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. తాజా వెర్షన్ దించుకుంటే సరి.

ఇక తెరిచాక ఏం చూడాలి? మెమొరీ అనే ట్యాబ్ ఉంటుంది. అందులో టైప్ అన్న చోట డీడీఆర్3, డీడీఆర్4 అని నేరుగా రాసి ఉంటుంది. మీ ప్రశ్నకు జవాబు అదే. పక్కన సైజు అంటే మొత్తం ఎన్ని జీబీలో అది. కింద డ్రామ్ ఫ్రీక్వెన్సీ అని ఒక అంకె ఉంటుంది, అక్కడ చాలామంది తికమక పడతారు. 1600 అని కొన్న ర్యామ్‌కు 798 చూపిస్తోంది, షాపువాడు మోసం చేశాడు అని గొడవకు దిగినవాళ్లున్నారు. మోసం ఏమీ లేదు. డీడీఆర్ ర్యామ్ ఒక్కో గడియారపు టిక్కుకు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి ఆ అంకెను రెట్టింపు చేసి చదువుకోవాలి. 798 అంటే 1600. 1200 దగ్గర ఉంటే 2400.

దాని పక్క ట్యాబ్ ఎస్‌పీడీ. నా దృష్టిలో అసలు సరుకు ఇక్కడుంది. పైన స్లాట్ 1, స్లాట్ 2 అని ఎంచుకునే పెట్టె ఉంటుంది. ఒక్కో స్లాట్ ఎంచుకుంటే అందులోని స్టిక్ రకం, సైజు, తయారీదారు, పార్ట్ నంబర్, ఒక్కోసారి తయారైన వారం, సంవత్సరం కూడా వస్తాయి. కింది పట్టికలో చివరి వరుస వోల్టేజీ. ఏ స్లాట్ దగ్గర ఏమీ రాకపోతే అది ఖాళీ అని అనుకోవచ్చు. ఈ ట్యాబ్‌ను ఒక్కో స్లాట్‌కూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. లేదా టూల్స్ బటన్ నొక్కి రిపోర్ట్‌ను టెక్స్ట్ ఫైలుగా పెన్‌డ్రైవ్‌లోకి సేవ్ చేసుకోండి.

షాపుకు వెళ్లేటప్పుడు “డీడీఆర్3 ఇవ్వండి” అనడం కన్నా ఆ పార్ట్ నంబర్ చూపించి “దీనికి జత ఇవ్వండి” అనడం నయం. డీడీఆర్3 అన్న ఒక్క మాటలో డెస్క్‌టాప్‌దా ల్యాప్‌టాప్‌దా, ఒకటిన్నర వోల్టులదా తక్కువ వోల్టేజీదా, సర్వర్లలో వాడేదా అన్నవి తెలియవు. పార్ట్ నంబర్‌లో ఇవన్నీ ఇమిడి ఉంటాయి. మీ అరండల్‌పేటలోనో, విజయవాడ గవర్నర్‌పేటలోనో కౌంటర్ మీద కుర్రాడు ఆ నంబర్‌ను నెట్‌లో కొడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ర్యామ్ ధరలు మండిపోతున్న రోజుల్లో ఆ రెండు నిమిషాలు దండగ కాదు.

ఏ టూల్ లేకుండా విండోస్‌లోనే చూడొచ్చు కదా అని ఎవరైనా అంటారు. కొంతవరకు నిజమే. విండోస్ 10, 11లలో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమొరీ మీద నొక్కితే వేగం, ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడుతున్నారు, ఫామ్ ఫ్యాక్టర్ ఏమిటి అన్నవి కనిపిస్తాయి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర డిమ్ అని ఉంటే పొడవాటి డెస్క్‌టాప్ స్టిక్, సోడిమ్ అని ఉంటే ల్యాప్‌టాప్‌లలో వాడే పొట్టిది. రకం మాత్రం అక్కడ రాసి ఉండకపోవచ్చు. వేగాన్ని బట్టి ఊహించాలి. 1333, 1600 అయితే సాధారణంగా డీడీఆర్3. 2400, 2666, 3200 అయితే డీడీఆర్4. 4800, 5600 అయితే డీడీఆర్5. కానీ 2133 దగ్గర ఈ ఊహ దెబ్బతింటుంది. గేమింగ్ కోసం అమ్మిన డీడీఆర్3లోనూ ఆ వేగం ఉంది, డీడీఆర్4 మొదలైందీ దాదాపు అక్కడే. మీ విండోస్ 7 మెషీన్ల టాస్క్ మేనేజర్‌లో ఈ వివరాలేవీ ఉండవు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని ఇంకొకటి ఉంది కదా, అందులో మొత్తం ఎన్ని జీబీలో ఉంటుంది తప్ప రకం ఉండదు. చాలామంది మొదట వెతికేది అందులోనే.

కమాండ్లు తెలిసినవాళ్లు విండోస్ 10లో పవర్‌షెల్ నుంచి కూడా ఈ సమాచారం తీస్తారు. అక్కడ రకానికి పేరు బదులు అంకె వస్తుంది. మీ అమ్మాయి అలా తీసి చూపిస్తే, 24 అంటే డీడీఆర్3, 26 అంటే డీడీఆర్4, 34 అంటే డీడీఆర్5 అని చదువుకోండి. 29, 30, 35 వస్తే అవి ఎల్‌పీడీడీఆర్ రకాలు. వాటి సంగతి ల్యాప్‌టాప్ దగ్గర చెబుతాను.

అయితే టాస్క్ మేనేజర్‌కూ, ఈ కమాండ్లకూ సమాచారం వచ్చేది బయోస్ (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) రాసిపెట్టిన పట్టిక నుంచి. సీపీయూ-జెడ్ ఎస్‌పీడీ ట్యాబ్ స్టిక్‌నే అడుగుతుంది. సర్వే రిజిస్టర్‌లో ఇంట్లో నలుగురు అని ఉండడానికీ, తలుపు తట్టి లెక్కపెట్టడానికీ ఉన్న తేడా అది. కొన్ని బోర్డులు రెండే స్లాట్లున్నా పట్టికలో నాలుగు అని రాసేసుకుంటాయి. టాస్క్ మేనేజర్‌ను నమ్మి రెండు స్టిక్‌లు కొనుక్కొచ్చి, మూత తీశాక తలపట్టుకుంటారు. అందుకని రకం కోసం క్యాబినెట్ విప్పక్కర్లేదు గానీ, డబ్బు పెట్టే ముందు ఖాళీ స్లాట్ నిజంగా ఉందా అని ఒక్కసారి మూత తీసి చూడమంటాను.

సీపీయూ-జెడ్‌లో ఎస్‌పీడీ ట్యాబ్ ఖాళీగా వచ్చే మెషీన్లు కొన్ని ఉంటాయి. కొన్ని బ్రాండెడ్ బోర్డులు ఆ చిన్న చిప్పును చదవనివ్వవు. అప్పుడు హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ప్రయత్నించండి. దీనికీ పోర్టబుల్ జిప్ ఉంది. ర్యామ్ గురించి సీపీయూ-జెడ్ కన్నా లోతుగా చెబుతుంది, అదే దాని ఇబ్బంది కూడా. అంకెల అడవిలో మీకు కావలసిన ఒక్క గీత వెతుక్కోవాలి. తెరవగానే సమ్మరీ ఓన్లీ అని టిక్ పెట్టుకుంటే కాస్త తేలిక. ఇంట్లో సొంతానికి ఉచితమే. వ్యాపారానికి వాడేవాళ్లు లైసెన్స్ తీసుకోవాలని దాని షరతు, మీది సెంటర్ కాబట్టి చెబుతున్నాను. స్పెసీ అని ఇంకొకటి ఉంది. చూడ్డానికి అన్నిటికన్నా సులువు, మొదటి పేజీలోనే ఒక్క లైన్లో రకం, వేగం చెప్పేస్తుంది. పాత డీడీఆర్3 మెషీన్లకు అది చాలు, డీడీఆర్5 ఉన్న కొత్తవాటికి మాత్రం నేను దాని మీద ఆధారపడను. ర్యామ్ కంపెనీలు కూడా సొంత స్కానర్లు ఇస్తాయి, క్రూషల్ వాళ్లది అందులో ఒకటి. నెట్ కనెక్షన్ కావాలి, చివరికి వాళ్ల స్టిక్‌లే చూపిస్తుంది. అయినా మీ మోడల్‌కు గరిష్ఠంగా ఎంత పడుతుందో తెలుసుకోవడానికి పనికొస్తుంది. ఎస్‌పీడీని చదవడమే కాక తిరగరాయగల టూల్స్ కూడా నెట్‌లో తిరుగుతుంటాయి. వాటిని ముట్టుకోవద్దు. రాత చెడితే బాగున్న స్టిక్ కూడా బోర్డుకు కనిపించకుండా పోతుంది.

పెన్‌డ్రైవ్ విషయంలో ఒక జాగ్రత్త. ప్రింట్ల కోసం కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు ఊళ్లో ప్రతి సెంటర్‌లోనూ తిరిగొస్తాయి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే వైరస్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ టూల్స్ కోసం విడిగా ఒక చిన్న పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి పెట్టుకోండి, దానికి వేరే పని అప్పగించకండి. మీ మెషీన్లన్నీ చూశాక తీసుకెళ్లి ఇంకో చోట పెట్టే ముందు, టూల్స్ ఫోల్డర్లు తప్ప అందులో కొత్తగా ఏదైనా చేరిందేమో చూడండి. చేరితే ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కించుకోండి.

ఇప్పుడు మీ మెషీన్ల దగ్గరికి వద్దాం.

డీటీపీ మెషీన్లు రెండూ విండోస్ 7 అన్నారు. ముందు కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సిస్టమ్ టైప్ చూడండి. అను, పేజ్‌మేకర్ నడిపే సెంటర్లు చాలావరకు 32 బిట్‌లోనే ఉండిపోయాయి, మీవీ అలాగే ఉండొచ్చు. అలా ఉంటే 4 జీబీ దాటి మీరెంత ర్యామ్ పెట్టినా ఆ విండోస్ వాడుకోలేదు. నాలుగులో కూడా కొంత గ్రాఫిక్స్‌కూ, ఇతర హార్డ్‌వేర్‌కూ పోయి మూడు జీబీల పైచిలుకే చేతికి మిగులుతుంది. అంటే మీరు కొన్న 8 జీబీ స్టిక్ ఒకవేళ స్లాట్‌లో కూర్చున్నా ఉపయోగం ఉండేది కాదు. ఇది సర్వీస్ అబ్బాయి చెప్పాల్సిన మాట. ఇప్పటికే 4 జీబీ ఉంటే అక్కడితో ఆపేయండి. ఆ మెషీన్లలో డీటీపీ తప్ప ఆన్‌లైన్ పనులు పెట్టకపోవడమే మంచిది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరిలోనే ఆగిపోయింది. ఇప్పటి బ్రౌజర్లు దాని మీద సరిగా నడవవు, బ్యాంకు పనులకు అసలు వాడకూడదు.

2 జీబీయే ఉందనుకోండి, మరో 2 జీబీ చేర్చొచ్చు. రకం ఏమిటో సీపీయూ-జెడ్ చెబుతుంది. ఎక్కువగా డీడీఆర్3 రావచ్చు. మెయిన్‌బోర్డ్ ట్యాబ్‌లో బోర్డు మోడల్ కూడా ఫొటో తీసుకోండి. హెచ్61 రకం బోర్డు అయితే డీడీఆర్3, మొత్తం 16 జీబీ దాకా పడుతుంది, పేచీ ఉండదు. అంతకన్నా పాత జీ41 అయితే కాస్త జాగ్రత్త. వాటిలో కొన్ని డీడీఆర్2వి, కొన్ని డీడీఆర్3వి. డీడీఆర్3 అయినా తక్కువ చిప్పులతో వచ్చే కొత్త స్టిక్‌లను అవి గుర్తించవు, రెండు వైపులా చిప్పులుండే పాత స్టిక్ వెతకాలి. పాత ర్యామ్ కొనేటప్పుడు “ఏఎండీ బోర్డుకు మాత్రమే” అని చవగ్గా అమ్మేవి కూడా తగులుతాయి. ఇంటెల్ బోర్డుల్లో అవి పనిచేయవు.

వోల్టేజీ గురించి ఇక్కడే చెప్పేస్తాను. మామూలు డీడీఆర్3 నడిచేది 1.5 వోల్టుల మీద. డీడీఆర్3ఎల్ అనేది 1.35 మీద. ఎల్ రకం స్టిక్‌ను మామూలు డీడీఆర్3 బోర్డులో పెట్టినా అది 1.5 తట్టుకుంటుంది. ఎల్ మాత్రమే తీసుకునే బోర్డులో మామూలుది పెట్టకూడదు. నాలుగో జనరేషన్ ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు అలాంటివే. కాబట్టి రెంటిలో ఏదో తేలకపోతే ఎల్ తీసుకోండి.

డిస్‌ప్లే రాని మెషీన్‌కు ఏ సాఫ్ట్‌వేరూ అక్కరకు రాదు. తెర మీద ఏమీ రానప్పుడు ఏ టూల్ అయినా ఎక్కడ చూపిస్తుంది? కరెంటు వైరు పీకి, మూత తీసి, స్టిక్‌నే బయటికి తీయాలి. స్టిక్కర్ మీద పీసీ3 అని ఉంటే డీడీఆర్3, పీసీ3ఎల్ అయితే తక్కువ వోల్టేజీది, పీసీ4 అయితే డీడీఆర్4, పీసీ5 అయితే డీడీఆర్5. పీసీ3-12800యూ అన్నారనుకోండి, 12800ను 8తో భాగిస్తే 1600, అదే వేగం. చివర యూ అంటే మామూలు డెస్క్‌టాప్‌ది, ఎస్ అంటే ల్యాప్‌టాప్‌ది, ఆర్ అంటే సర్వర్‌ది. సర్వర్ స్టిక్‌లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తాయి కానీ మీ మెషీన్లలో పనికిరావు. స్టిక్కర్ చిరిగిపోతే బంగారు రంగు కాంటాక్టుల మధ్య ఉండే గాడిని చూడండి. ఒక్కో తరానికి ఆ గాడి ఒక్కో చోట ఉంటుంది, మీ డీడీఆర్4 కూర్చోకపోవడానికి కారణం కూడా అదే. బలవంతంగా నొక్కనందుకు మంచి పని చేశారు. డెస్క్‌టాప్ డీడీఆర్4 స్టిక్‌కు కింది అంచు నిటారు గీతలా కాక మధ్యలో కొంచెం కిందికి దిగి ఉంటుంది. ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు.

స్టిక్ ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి ఆ కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, వేరే స్లాట్‌లో పెట్టి ఆన్ చేసి చూడండి. జిరాక్స్ సెంటర్‌లో టోనరు పొడి, కాగితం దుమ్ము తక్కువేమీ కాదు. డిస్‌ప్లే పోయిన మెషీన్లలో కొన్ని ఇంత మాత్రానికే లేస్తాయి. డిస్‌ప్లే వచ్చి విండోస్ మాత్రం లేవకపోతే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత టూల్ ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి రాసి ఆ పెన్‌డ్రైవ్ నుంచే మెషీన్ బూట్ చేస్తే ర్యామ్ రకమూ చూపిస్తుంది, స్టిక్ బాగుందో లేదో పరీక్ష కూడా చేస్తుంది. దీన్ని రాసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, గుర్తుంచుకోండి. ఆ మెషీన్ ఎలాగూ బాగుపడదని తేలితే అందులోని స్టిక్‌ను పారేయకండి. అది డీడీఆర్3 అయి, మీ డీటీపీ మెషీన్లకు 2 జీబీ తక్కువైతే, పైసా ఖర్చు లేకుండా పని జరిగిపోతుంది.

అమ్మాయి ల్యాప్‌టాప్ దగ్గర ముందు టాస్క్ మేనేజర్‌లో ఫామ్ ఫ్యాక్టర్ చూడండి. సోడిమ్ అని ఉంటే మార్చుకునే వీలుంది. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికించేశారని అర్థం. సీపీయూ-జెడ్‌లో రకం ఎల్‌పీడీడీఆర్4 అనో, ఎల్‌పీడీడీఆర్5 అనో వచ్చినా దాదాపు అంతే. పల్చటి ల్యాప్‌టాప్‌లలో ఇప్పుడు ఎక్కువ ఇలాగే వస్తున్నాయి. కొన్నిటిలో సగం బోర్డు మీద, సగం స్లాట్‌లో ఉంటుంది. మోడల్ నంబర్ కొట్టి కంపెనీ వెబ్‌సైట్‌లో చూస్తే అది తెలుస్తుంది. వారంటీ ఉంటే వెనక మూత విప్పే ముందు సర్వీస్ సెంటర్‌ను అడగండి. ల్యాప్‌టాప్ స్టిక్‌ల లోపలా తరాల తేడా ఉంది. డీడీఆర్3కు 204 పిన్నులు, డీడీఆర్4కు 260, డీడీఆర్5కు 262. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు.

మిగిలింది ఆరో జనరేషన్ ఐ5. మీ డబ్బు వృథా కాకుండా ఉండే అవకాశం ఇక్కడుంది. ఆరో జనరేషన్ ప్రాసెసర్లు డీడీఆర్4తోనూ నడుస్తాయి, డీడీఆర్3ఎల్‌తోనూ నడుస్తాయి. ఏది పెట్టాలన్నది బోర్డు చేసినవాళ్ల ఇష్టం. కాబట్టి “ఆరో జనరేషన్ అయితే డీడీఆర్4 కదా” అని ఎవరు చెప్పినా సీపీయూ-జెడ్‌లో టైప్ చూసే దాకా నమ్మకండి. అది డీడీఆర్4 అని చెప్పాక రెండో ప్రశ్న, ఆ పెట్టె ఎంత ఉంది? పెద్ద పుస్తకం సైజులో ఉండే మరీ చిన్న బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో ల్యాప్‌టాప్ స్టిక్‌లే వాడతారు. టాస్క్ మేనేజర్‌లో ఫామ్ ఫ్యాక్టర్ డిమ్ అని ఉంటే మీరు కొన్న పొడవాటి స్టిక్ పడుతుంది. సోడిమ్ అయితే పట్టదు.

ఈ రెండూ కుదిరి, ఒక స్లాట్ ఖాళీగా ఉంటే, షాపువాళ్లు వెనక్కి తీసుకోని ఆ 8 జీబీ ఇందులో పెట్టేయండి. మీ స్టిక్ మీద 2666 అనో 3200 అనో ఉన్నా ఫర్వాలేదు. ఆరో జనరేషన్‌లో అది 2133కు తగ్గి నడుస్తుంది, చెడిపోదు. షట్‌డౌన్ చేసి, వైరు తీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోనివ్వండి. క్యాబినెట్ ఇనుము ఒకసారి తాకి, గాడి సరిచూసుకుని, రెండు చివర్లా సమానంగా నొక్కితే క్లిప్పులు టక్కున పడతాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు డిస్‌ప్లే రావడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పట్టొచ్చు, కంగారుపడి మధ్యలో ఆపేయకండి. విండోస్ వచ్చాక సీపీయూ-జెడ్ మళ్లీ తెరిచి రెండు స్లాట్లూ చదువుతోందో లేదో చూసుకోండి.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆరో జనరేషన్‌ను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. చేతిలో ఉన్న స్టిక్ పెట్టి నడుపుకోండి, అంతవరకే. దానికోసం ఇంకో స్టిక్ కొనాల్సి వస్తే మాత్రం ఆ డబ్బు కొత్త మెషీన్ వైపు దాచుకోవడం మేలు.